చదివితే బాగుంది, ఆడితే తెలిసింది

(సామాజిక రేడియోలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరు మార్చకుండా, పునరుక్తులు మాత్రం తగ్గించి ఇక్కడ ఇస్తున్నాం.)

ఒమన్ దేశంలోని సూర్ పట్నం నుంచి మాట్లాడుతున్నాను.

ఈ ప్రసంగం క్షమాపణతో మొదలుపెట్టాలి. రెండేళ్ళ కిందట ఇదే కార్యక్రమంలో, వేసవి సెలవుల్లో పిల్లలకి కాలక్షేపం ఏమిటన్న విషయం మీద మాట్లాడుతూ, నేనొక పుస్తకాన్ని ఆకాశానికెత్తేశాను. "కళ్ళు మూసుకుని కొనుక్కోండి" అన్నాను. ఆ మాట నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే తరవాత ఒకావిడ దాన్ని నాకే అప్పజెప్పింది. సంగతేమిటంటే, ఆ పుస్తకం నేను చదివాను, అంతే. దాన్ని ఎవరితోనూ ఆడించలేదు. ఆడించలేదన్న ముక్క మీకు చెప్పలేదు.

పుస్తకాన్ని చదువుతారు గాని ఆడించడమేమిటని కొందరికి అనుమానం రావచ్చు. ముందు అది చెప్తాను. తెలిసినవాళ్ళు రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

మా పిల్లలు "డీ అండ్ డీ" అంటారు. పూర్తి పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేస్తే 1974లో అచ్చయింది. ఈ తరహా ఆటలన్నిటికీ అదే పెద్దన్న. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెప్తారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "మీ ముందు పాడుపడ్డ కోట ఉంది, తలుపు ఓరగా తీసి ఉంది, లోపలినుంచి పొగ వాసన వస్తోంది. ఏం చేస్తారు?" అని కథ చెప్పేవారు అడుగుతారు. ఒకడు తలుపు తోస్తానంటాడు, ఒకమ్మాయి కిటికీ ఎక్కుతానంటుంది. కష్టమైన పనైతే ఇరవై ముఖాల పాచిక వేసి అయిందో లేదో తేలుస్తారు. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం ఉండదు. కథ ముందుకి పోవడమే ఆట.

మనకిది మరీ కొత్తేం కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో, మణిసిద్ధుడి వెంట కాశీకి బయలుదేరిన గోపకుడు ఏం షరతు పెట్టాడు? మజిలీ మజిలీకీ తను చూసిన వింతకి కథ చెప్పాలన్నాడు. వాడు ఊళ్ళో తిరిగొచ్చి అడిగితేనే గురువుగారు కథ ఎత్తుకుంటారు. అక్కడ వినేవాడి ప్రశ్న కథని కదిలిస్తుంది. ఇక్కడ వినేవాడు ఇంకో అడుగు ముందుకేసి కథలోనే దూరతాడు.

అయితే ప్రతి శుక్రవారం కొత్త కథ అల్లడం అందరికీ కుదరదు. అందుకని అల్లి పెట్టిన కథల్ని పుస్తకాలుగా అమ్ముతారు. వీటిని "అడ్వెంచర్" అంటారు, పాతకాలంవాళ్ళు "మాడ్యూల్" అంటారు. లోపల పటాలుంటాయి. ఏ గదిలో ఏముంది, ఎవరున్నారు, వాళ్ళకేం కావాలి అన్నది రాసి ఉంటుంది. నేను సిఫార్సు చేసింది అలాంటి పుస్తకం. దాని పేరు ఈసారి చెప్పను. పుస్తకం మీద కన్నా నా మీదే నాకు ఎక్కువ ఫిర్యాదు.

సూర్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మస్కట్ నుంచి కోస్తా వెంట ఆగ్నేయంగా వస్తే ఓ రెండు గంటల పైచిలుకు దారి. సముద్రం, ధౌ అనే చెక్కపడవలు, కొంచెం దూరంలో రాస్ అల్ జింజ్ దగ్గర గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ళు. ఊరికి దగ్గర్లో సహజవాయువుని ద్రవంగా మార్చి ఓడలకెక్కించే ప్లాంటు ఉంది. 2005లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఒమన్ ఇండియా ఎరువుల కర్మాగారం ఉంది. మాకు తెలిసిన మనవాళ్ళు ఇక్కడికొచ్చింది చాలావరకు ఇటువంటి ఉద్యోగాల మీదే. మావారూ అలా వచ్చినవారే. చిన్న ఊరు కాబట్టి పెద్ద ఊళ్ళలో లాగా వారం వారం తెలుగు తరగతులు, సభలు మాకు ఉండవు.

మా అమ్మాయి తొమ్మిదో ఏట నాతో తెలుగులో మాట్లాడడం మానేసింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. కోప్పడితే మౌనం. అప్పుడు మొదలుపెట్టాను ఈ ఆట, ఒకే ఒక షరతుతో. మీ పాత్ర ఏం చేస్తుందో తెలుగులో చెప్తేనే పాచిక చేతికిస్తాను. మా అమ్మాయి, పై అంతస్తులో ఉండే అన్నాచెల్లెళ్ళు, ఎదురు ఫ్లాటులోని మలయాళీ అబ్బాయి, మొత్తం నలుగురు. ఆ మలయాళీ అబ్బాయి ఇవాళ "ఆగండెహె, ముందు నన్ను చూడనివ్వండి" అని మావాళ్ళనే కసురుతున్నాడు. కాబట్టి మా ఇంట్లో మంచి అడ్వెంచర్ దొరికితే ఆ వారమంతా తెలుగు వినిపిస్తుంది. చెత్తది దొరికితే మళ్ళీ ఇంగ్లీషూ, ఫోన్లూ. అందుకని వీటి బాగోగులు ఎంచడం నాకు ఊసుపోక చేసే పని కాదు.

ఇక ఆ ఫోను సంగతి.

నా ప్రసంగం వచ్చిన రెండు నెలలకి, గల్ఫ్‌లోనే మరో ఊరినుంచి ఒకావిడ రేడియోవాళ్ళ ద్వారా నా నంబరు సంపాదించి ఫోను చేసింది. "అక్కా, మీరు కళ్ళు మూసుకుని కొనుక్కోమన్నారనే కొన్నాను" అంది మొదటి మాటగా.

వాళ్ళు ఆ ఊరికి కొత్త. పదకొండేళ్ళ కొడుకు. బళ్ళో ఎవరితోనూ స్నేహం కుదరలేదు. పుట్టినరోజుకి క్లాసులో ముగ్గుర్ని బతిమాలి పిలిచి, కేకు కోశాక ఈ ఆట ఆడిద్దామనుకుంది. వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని పుస్తకం చదివింది, ముఖ్యమైనవి నోట్సు రాసుకుంది. ఆట మొదలైన ముప్పావుగంటకి మూడో గదిలో ఆగిపోయింది. ఆ గది గోడలో రహస్యద్వారం ఉంది. అది కనబడాలంటే పాచిక మీద 15 గాని అంతకన్నా ఎక్కువ గాని పడాలి. నలుగురు పిల్లలూ వేశారు. ఎవరికీ పడలేదు. పడకపోతే ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు. మిగతా కథంతా ఆ తలుపుకి అవతలే ఉంది. ఈవిడ పేజీలు తిప్పుతూ కూర్చుంది. ఒక పిల్లవాడు ఫోను తీశాడు. రెండోవాడు వాడి పక్కకి జరిగాడు. కాసేపటికి ముగ్గురూ సోఫాలో చేరారు. పుట్టినరోజు పిల్లవాడు పాచిక పట్టుకుని బల్ల దగ్గర ఒక్కడే మిగిలాడు.

"రాత్రి పడుకోబోతూ, అమ్మా, ఇంకెప్పుడూ ఎవర్నీ పిలవకు అన్నాడక్కా" అంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరు ఆడించినప్పుడు ఆ గది దగ్గర ఏం చేశారో తెలుసుకుందామని చేశాను" అంది.

నేను ఆడించలేదని చెప్పేసరికి అవతల కాసేపు మాట లేదు. "అదేంటక్కా, అంత బాగా చెప్పారు కదా" అంది.

ఆ తరవాతి శుక్రవారం మా నలుగురితో అదే పుస్తకం ఆడించాను. మీరు నమ్మండి, మూడో గదిలో మా అమ్మాయి మొదటి పాచికకే 17 వేసింది. తలుపు తెరుచుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజే నేను ఎవరికైనా రివ్యూ రాసిస్తే "ఎక్కడా ఇబ్బంది రాలేదు" అని నిజాయితీగానే రాసేదాన్ని. తరవాత కూర్చుని లెక్క వేశాను. పాత్రకి ఆ విషయంలో ప్రత్యేక నైపుణ్యం లేకపోతే, ఒక్కరికి 15 పడకపోయే అవకాశం నూటికి 70. నలుగురికీ పడకపోయే అవకాశం నూటికి 24. అంటే నలుగురు పిల్లలతో ఆడే ప్రతి నాలుగిళ్ళలో దగ్గర దగ్గర ఒక ఇంట్లో కథ ఆ గదిలోనే ఆగిపోతుంది. ఆ ఒక్క ఇల్లు ఆవిడది అయింది. మిగిలిన మూడిళ్ళవాళ్ళు అయిదు నక్షత్రాలు ఇచ్చి ఉంటారు.

తలుపు దాటాక మా ఇబ్బందులు వేరు. "పైకి చదివి వినిపించండి" అని పెట్టె కట్టి రాసిన వర్ణనలు ఒక్కోటి అరపేజీ. ఇంగ్లీషులో కళ్ళతో చదువుకుంటుంటే మహా సొగసుగా ఉన్నాయి. అప్పటికప్పుడు తెలుగు చేసి చెప్పబోతే నాలుగో వాక్యానికి పిల్లల చూపు గోడమీదికి పోయింది. హరికథ చెప్పే భాగవతారు కాగితం చూసుకుంటూ కథ చెప్పడం మీరెప్పుడైనా చూశారా? ఇంకోచోట మా పై అంతస్తు చిన్నమ్మాయి అడిగింది, "ఆంటీ, ఈ రాక్షసుడు వందేళ్ళనుంచి ఈ గదిలోనే ఉన్నాడు కదా, మరి రోజూ ఏం తింటాడు?" పుస్తకంలో ఆ రాక్షసుడి కొమ్ములకి నాలుగు వాక్యాల వర్ణన ఉంది. వాడు ఎందుకున్నాడో, ఏం కావాలో ఒక్క ముక్క లేదు. ఆ పిల్ల వాడితో మాట్లాడాలనుకుంది, బేరం పెట్టాలనుకుంది. పుస్తకం రాసినాయన కొట్లాట ఒక్కటే ఊహించాడు.

మరి నేను ముందు ఎలా మోసపోయాను? ఇది ఆలోచించాల్సిన విషయం. పుస్తకంలో బొమ్మలు బాగున్నాయి, కాగితం బాగుంది, కథ ముగింపులో నా కళ్ళు చెమర్చాయి కూడా. రివ్యూలు పదో పన్నెండో చదివాను, అన్నీ పొగడ్తలే. ఈ మధ్య మళ్ళీ తీసి చదివితే కనబడింది. వాటిలో "మేం ఆడినప్పుడు" అన్న మాట ఒక్కచోటే ఉంది. మిగిలినవాళ్ళంతా నాలాగే పడకకుర్చీలో చదువుకున్నవాళ్ళు. వంటల పుస్తకం చదివి, వండకుండానే రుచి అద్భుతం అని రాసినట్టు.

ఈ రివ్యూల చరిత్ర ఇవాళ్టిది కాదు. 1977లో మొదలైన వైట్ డ్వార్ఫ్ అనే బ్రిటిష్ పత్రికలో "ఓపెన్ బాక్స్" అనే శీర్షిక ఉండేది. కొత్తగా వచ్చిన ఆటలకీ మాడ్యూళ్ళకీ పదికి ఇన్ని అని మార్కులు వేసేవారు. మన సినిమాలకి అయిదుకి రెండుంముప్పావు వేసినట్టే. మార్కు ఒకటే చూసి లాభం లేదని మనకి తెలుసు. కుటుంబంతో వెళ్ళొచ్చా, ఏ వయసు పిల్లలకి, సెకండాఫ్ సాగుతుందా అని తెలిసినవాళ్ళని అడిగి మరీ టిక్కెట్టు కొంటాం. ఆట పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకో మర్చిపోతాం.

2004లో డంజన్ అనే పత్రిక తన 116వ సంచికలో, అప్పటిదాకా వచ్చిన డీ అండ్ డీ అడ్వెంచర్లలో గొప్పవి ముప్పై ఏరి వరస వేసింది. మొదటిది క్వీన్ ఆఫ్ ది స్పైడర్స్, రెండోది రేవెన్‌లాఫ్ట్, మూడోది టూంబ్ ఆఫ్ హారర్స్. మూడూ 1986 నాటికో అంతకు ముందో వచ్చినవే. అప్పటికి పాతికేళ్ళ వయసున్న పుస్తకం కూడా ఉంది. గొప్పవి కావని నేననను. కాని ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళు తమ పదమూడో ఏట ఆడిన ఆటకి మార్కులు వేస్తున్నప్పుడు, ఆ మార్కుల్లో పుస్తకానిదెంత, ఆనాటి స్నేహితులదెంత? మా నాన్నగారు దాచిన పాత చందమామల్లో దాసరి సుబ్రహ్మణ్యంగారి పాతాళదుర్గం సీరియల్‌ని నేను నిష్పక్షపాతంగా అంచనా వెయ్యగలనా? వెయ్యలేను. వేసవి మధ్యాహ్నాలూ, మామిడి పళ్ళ వాసనా అన్నీ అందులో కలిసిపోయాయి.

ఆ మూడోదాన్నే తీసుకోండి. టూంబ్ ఆఫ్ హారర్స్ అంటే పాత్రల్ని పిట్టల్లా చంపేసే సమాధి అని పేరు. కొత్తవాళ్ళు కొని, ఇదేం అన్యాయం అని తిట్టుకుంటూ ఉంటారు. కాని గైగాక్స్ దాన్ని 1975లో ఆరిజిన్స్ అనే ఆటల సమావేశంలో పోటీకోసం వాడాడు. 1978లో పుస్తకంగా వచ్చింది. పోటీలో ఉన్న కాస్త సమయంలో ఎవరి తెలివి ఎంతో తేలాలి. అందుకు తగ్గట్టే ఉంది. ప్రవేశపరీక్ష పేపరు తెచ్చి పుట్టినరోజు పండక్కి ఆడిస్తే తప్పు పేపరుది కాదు. ఎవరికోసం రాశారు, ఏ సందర్భానికి రాశారు అన్నది చెప్పని రివ్యూ సగం రివ్యూయే.

రెండోది రేవెన్‌లాఫ్ట్. 1983లో ట్రేసీ హిక్‌మన్, లారా హిక్‌మన్ అనే దంపతులు రాశారు. అందులో చీట్లు పేర్చి జోస్యం చెప్పే ఘట్టం ఉంది. ఆ చీట్లని బట్టి ముఖ్యమైన వస్తువులు కోటలో ఎక్కడున్నాయో, దుర్మార్గుడి అసలు ఉద్దేశం ఏమిటో మారిపోతుంది. దాన్ని మామూలు నవలలా మొదటినుంచి చివరిదాకా చదివితే అటూ ఇటూ గెంతుతున్నట్టుంటుంది. బల్ల మీద పెట్టి చీట్లు తిప్పితేనే దాని అసలు పని బయటపడుతుంది. చదివితే బాగుండి ఆడితే బాగుండనివి ఎలా ఉన్నాయో, ఇది అందుకు తిరగేసిన రకం.

సూర్‌లో ఖోర్ అల్ బతహ్ వంతెన దగ్గర, నీటి ఒడ్డున ఇప్పటికీ ధౌ పడవలు కట్టే చోటు ఉంది. 1980లో టిమ్ సెవెరిన్ అనే బ్రిటిష్ యాత్రికుడు సింద్‌బాద్ వెళ్ళిన దారిన వెళ్ళాలని ఈ సూర్‌లోనే "సొహార్" అనే పడవ కట్టించాడు. మేకులు లేవు, పలకల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టారు. ఆ ఏడాది నవంబరులో మస్కట్ నుంచి బయలుదేరి 1981 జులైలో చైనాలోని కాంటన్ చేరాడు. మా నలుగురు పిల్లల్ని ఆ పడవలు కట్టే చోటికి తీసుకెళ్ళినప్పుడు అక్కడి పెద్దాయన ఒకర్ని అడిగాను, పడవ బాగా వచ్చిందని ఎప్పుడు తెలుస్తుంది అని. ఆయన నవ్వి నీళ్ళకేసి చెయ్యి చూపించాడు. నా ముఖం ఎందుకు ఎర్రబడిందో పిల్లలకి అర్థం కాలేదు.

అప్పటినుంచి నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను. ఇదేమీ శాస్త్రం కాదు, ఒక గృహిణి లెక్క.

రివ్యూ చేతికి రాగానే మొదట వెతికేది, రాసినవారు దాన్ని ఆడించారా లేదా. ఆడిస్తే ఎంతమందితో, ఏ వయసువాళ్ళతో, ఎన్ని గంటలు. ఆడించినవారి మాటల్లో చిన్న చిన్న వివరాలుంటాయి. ఫలానా గదిలో మావాళ్ళు ఇరుక్కున్నారు, ఫలానా ముసలావిడ మాట వినలేదు, పటంలో మెట్లు ఎటు దిగుతాయో తెలియలేదు అని. చదివి రాసినవారి మాటల్లో కథాసారాంశం ఉంటుంది, బొమ్మల పొగడ్త ఉంటుంది. సారాంశమే ముప్పాతిక భాగం ఉన్న రివ్యూని నేను పక్కన పెట్టేస్తాను.

రెండోది, పుస్తకం చేతికొచ్చాక, కథంతా ఒకే తలుపు మీద వేలాడుతోందా అని చూస్తాను. జస్టిన్ అలెగ్జాండర్ అనే రచయిత 2008లో ఒక సూత్రం రాశాడు. ఆటగాళ్ళు ఏదైనా ఒక విషయం కనిపెట్టాలని మీరు అనుకుంటే, దానికి కనీసం మూడు ఆధారాలు పెట్టండి అని. ఒకటి కనబడదు, ఒకటి అర్థం కాదు, మూడోదైనా పనిచేస్తుంది. పెన్సిలు పట్టుకుని పటం మీద గీత గీస్తాను. ఎక్కడైనా ఒకే దారి ఉండి, దానికి పాచిక అడ్డం ఉంటే, అక్కడ నా సొంతంగా ఇంకో రెండు దారులు రాసుకుంటాను. అలా మూడు నాలుగు చోట్లకి మించి రాసుకోవాల్సొస్తే, ఆ పుస్తకానికి డబ్బు ఇవ్వడం దండగ.

మూడోది, పుస్తకం మూసి, మధ్యలో ఒక గది పేరు అనుకుని, అక్కడ ఎవరున్నారో వెతుకుతాను. పిల్లలు ఎదురుగా కూర్చుని చూస్తున్నారని అనుకోవాలి. అర నిమిషంలో దొరక్కపోతే ఆ పుస్తకం ఎంత అందంగా ఉన్నా ఆట నడిపేటప్పుడు చేతికి అడ్డమే.

నాలుగోది మా చిన్నమ్మాయి నేర్పింది. వీడు రోజూ ఏం తింటాడు? అంటే అక్కడున్నవాళ్ళకి మనం రాకముందు ఒక బతుకు ఉందా, మనం ఏదైనా చేస్తే వాళ్ళు మరోలా నడుచుకుంటారా.

ఈ పద్ధతితో నేను ఎంచుకుని ఆడించినది ది కీప్ ఆన్ ది బార్డర్‌లాండ్స్. పాతదే, గైగాక్స్ రాసిందే. 1980 ప్రాంతంలో కొత్తగా నేర్చుకునేవాళ్ళ పెట్టెలోనే పెట్టి అమ్మేవారు. పల్చటి పుస్తకం. సరిహద్దులో ఒక కోట, దూరంగా ఒక లోయ, లోయ గోడలనిండా గుహలు. నేను కోటని మా సూర్ కొండ మీది సునైసిలా కోట చేశాను. లోయని వాదీ షాబ్ చేశాను. పిల్లలు రెండూ కళ్ళారా చూసినవే. చదివినప్పుడు నాకిది వెలితిగానే కనిపించింది. కోటలో ఉన్నవాళ్ళకి పేర్లు కూడా లేవు, కోటాధిపతి, కంసాలి, పూజారి అని పనుల పేర్లే. ఆడించేటప్పుడు తెలిసింది, ఆ ఖాళీలే నాకు కలిసొచ్చాయని. కంసాలికి మా పిల్లలే పేరు పెట్టారు, ఊరు పెట్టారు, కూతురి పెళ్ళి కూడా కుదిర్చారు.

ఆ గుహల్లో ఒకచోట గాబ్లిన్లనే పొట్టి దుర్మార్గులుంటారు. తమ మీద ఎవరైనా దండెత్తితే, పక్క గుహలో ఉండే ఓగర్ అనే బండవాడికి డబ్బు సంచీ విసిరి సాయానికి పిలుస్తారని పుస్తకంలో ఉంది. ఎంత చిన్న వివరం! మా మలయాళీ అబ్బాయి అది కనిపెట్టి, "మేం రెండు సంచులిస్తాం, నువ్వు ఇంట్లోనే పడుకో" అని ఓగర్‌తో బేరమాడాడు. తెలుగులో. అరగంటసేపు. ఏ వెయ్యి రూపాయల పాఠ్యపుస్తకం నాకు ఆ అరగంట ఇవ్వగలదు?

అయితే ఇదీ కళ్ళు మూసుకుని కొనేది కాదు. ఆ గుహల్లో కొన్నిచోట్ల ఆ జాతుల ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారని రాసి ఉంటుంది. వాళ్ళనేం చెయ్యాలో పుస్తకం పెద్దగా పట్టించుకోదు. మా అమ్మాయి అక్కడ ఆగి, "అమ్మా, ఈ పిల్లలేం చేశారు మనల్ని?" అంది. ఆ రోజు ఆట ఆగిపోయి, గంటసేపు మాట్లాడుకున్నాం. చివరికి వాళ్ళు సంధి చేసుకున్నారు. నాకు సంతోషమే, కాని ముందే తెలిసి ఉంటే సిద్ధపడేదాన్ని. నేను చదివిన పాత రివ్యూల్లో ఆ ప్రస్తావన నాకు కనబడలేదు. పిల్లలున్న ఇంటికి ముందుగా చెప్పాల్సిన విషయం అది.

ఇంకో పుస్తకం మాట కూడా చెప్తాను. 2022లో వచ్చిన జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ అనే సంపుటిలో బెంగాలీ రచయిత్రి మిమి మొండల్ రాసిన "ఇన్ ది మిస్ట్స్ ఆఫ్ మణివర్ష" ఉంది. నదులూ, వరదలూ, మన తూర్పు తీరం గాలి ఉన్న ఊహాలోకం. నాకు నచ్చింది. అయితే వినండి, ఇది చదివాను, ఆడించలేదు. మా పిల్లల పాత్రలింకా అంత స్థాయికి ఎదగలేదు. ఆడించాక మళ్ళీ చెప్తాను. రెండేళ్ళ కిందట ఈ రెండు వాక్యాలు కలిపి ఉంటే సరిపోయేది.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆవిడకి నేను నాలుగు పేజీల చిన్న కథ ఒకటి రాసి పంపాను. ముందు మా పిల్లలతో రెండుసార్లు ఆడించి, ఇరుక్కున్నచోటల్లా దిద్ది మరీ పంపాను. ఈసారి ఎవర్నీ పిలవొద్దు, మీరూ, ఆయనా, బాబూ ముగ్గురే ఆడండి అన్నాను. అలా నాలుగు వారాలు ఆడారు. అయిదో వారం ఆ అబ్బాయే బళ్ళో ఒకడికి చెప్పాడట, మా నాన్న ఈ ఆటలో కప్పగా మారిపోయాడు తెలుసా అని. ఆ పిల్లవాడు చూడ్డానికి వచ్చాడు. ముగ్గురిలో వచ్చింది ఒక్కడే. మిగిలిన ఇద్దరూ రాలేదు. "ఒక్కడు చాలక్కా" అంది ఆవిడ. చాలో లేదో నాకు తెలియదు. ఆ పుట్టినరోజుని వెనక్కి తేలేను కదా.

శ్రోతలకి ఒక మనవి. మీ పిల్లలతో ఏ ఆట పుస్తకం ఆడించినా, దాని గురించి మరో అమ్మకో నాన్నకో చెప్పేటప్పుడు, చదివారా ఆడించారా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. ఎంతమంది పిల్లలు, ఏ వయసువాళ్ళు, ఎక్కడ ఆగారు అన్నది రెండో వాక్యంలో చెప్పండి. బాగుందో లేదో ఆ తరవాత చెప్పినా ఫరవాలేదు. దూరదేశాల్లో ఉన్న మనకి పక్కింటి పిన్నిగారు చెప్పే మాటే పెద్ద రివ్యూ. అది నమ్మి ఒక ఇంట్లో కేకు కోసి, పిల్లల్ని పిలిచి, బల్ల వేసి కూర్చుంటారు.

సూర్ నుంచి సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.